ఒక మైల్‌వే

"అమ్మాయీ, పాలల్లో గోధుమలు ఒక మైల్‌వే ఉడికితే చాలు. వెంటనే దించెయ్," అంది అత్త సిబ్లీ. ఇళ్ళల్లో గడియారాలు లేని ఆ రోజుల్లో మైల్‌వే అంటే మైలు దూరం నడవడానికి పట్టే సేపు.

గొర్రెలు తోలుకుని యార్క్ సంతకు వెళ్ళిన హామో ఆ సాయంత్రం తిరిగొస్తున్నాడు. పెళ్ళయి నెల తిరక్కముందే వెళ్ళిన మొగుడికి తన చేత్తో వండిపెట్టాలని ఎమట్ ముచ్చటపడింది.

గరిటె తిప్పుతూ మనసులోనే నడక మొదలుపెట్టింది. పుట్టింటి నుంచి పిండిమర దాకా సరిగ్గా మైలు. పెళ్ళికి ముందు హామోతో నడిచిన దారి. కంచె దాటేటప్పుడు అతను చెయ్యి అందించాడు, దాటాక కూడా వదల్లేదు. వాగు దగ్గర బ్లాక్‌బెర్రీలు కోసి నోట్లో పెట్టాడు. ఆమె ఇంకా పిండిమర చేరనే లేదు, గిన్నె అడుగంటింది.

"ఎవరితో నడిచావే ఆ మైలు?" అత్త ముక్కు మూసుకుంది.

ఎమట్ బుగ్గలు ఎర్రబడ్డాయి. "మీ అబ్బాయితోనే, అత్తా."

"ఇంకేం తెములుతుంది! అచ్చం వాళ్ళ నాన్న నడకే వాడిది. వేరే గిన్నెలో గోధుమలేసి మిగిలిన పాలు పొయ్. ఈసారి నేను నడుస్తా, నువ్వు తిప్పు."

సిబ్లీ పొయ్యి ముందు కూర్చుని కళ్ళు మూసుకుంది. పాలు చిక్కబడ్డాయి. గోధుమలు మెత్తబడ్డాయి. అత్త పెదవుల మీదికి నవ్వు వచ్చింది కానీ కళ్ళు మాత్రం తెరుచుకోలేదు. మామ పోయి చాలా ఏళ్ళయింది.

ఎమట్ చప్పుడు చెయ్యకుండా గిన్నె దించి, ఆమెను ఇంకాస్త దూరం నడవనిచ్చింది.