కోటు వెనకవైపు

కుడుతున్న కోటు ఎడమ చేతి అంచుకు ఊదారంగు పట్టీ కుట్టి, దారం పంటితో తెంపి, ఆమె మళ్ళీ అట్ట వైపు చూసింది. కిటికీకి ఆనించి పెట్టిన పాత రికార్డు అట్ట అది. అంచులు చిరిగాయి. ఒక మూల నీళ్ళు పీల్చి ఉబ్బింది. దాని మీద ఆమె తమ్ముడు, మీసం సరిగా రాని వయసులో, కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు. ఒంటి మీద మోకాళ్ళ దాకా కోటు. నారింజ, పసుపు, ఊదా ముక్కలు నీళ్ళ మీద నూనె పరుచుకున్నట్టు ఒకదాంట్లోకి ఒకటి పాకుతున్నాయి. ఆ కోటు కుట్టింది ఆమే. తర్వాత కోసిందీ ఆమే.

పోయిన వారం రికార్డుల షాపావిడ ఆ అట్ట పట్టుకుని, ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఎవరో ఖాళీ చేసిన ఇంటి సామానులో దొరికిందట. ఎవరూ కొనక మూలపడ్డ తమ్ముడి పాటల కోసం కుర్రకారు ఇప్పుడు ఎగబడుతున్నారట.

"ఇలాంటి సైకెడెలిక్ సోల్, ఇలా మత్తులో తేల్చే పాట, ఇంకెక్కడా వినలేదమ్మా," అంది షాపావిడ.

"ఏమో తల్లీ. మేం అప్పట్లో దాన్ని గోల అనేవాళ్ళం."

మంచం మీది తమ్ముడు నవ్వబోయి దగ్గాడు. అట్టను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశాడు. పాటల మాట వదిలేసి, బొమ్మలో కోటు మీద వేలు పెట్టాడు.

"ఆ కోటేదక్కా?" అన్నాడు.

"పాత పెట్టెల్లో ఉండాలిరా. వెతుకుతా."

నోరు జారిన ఆ అబద్ధాన్ని నిజం చేయడానికే ఈ కుట్టడమంతా. అప్పట్లో రికార్డులు దుకాణాల నుంచి కట్టలు కట్టలుగా వెనక్కి వచ్చేసినప్పుడు, వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తిండి లేదు, మాట లేదు. కళ్ళెదురుగా కొక్కేనికి ఆ కోటు. అది కనబడకపోతే లేస్తాడనుకుంది. కత్తెర తీసి, మసిగుడ్డలుగా కోసేసింది. వాడు లేచాడు కూడా. కార్లు నిలిపే చోట గేటు ఎత్తి దించే పనికి కుదిరి, ఊపిరితిత్తులు పాడయ్యేదాకా ఆ పొగలోనే నిలబడ్డాడు. అక్కడ అందరూ గేటాయన అనేవాళ్ళు. ఆ గేటాయన ఒకప్పుడు పాడేవాడని ఎవరికీ తెలియదు.

బొమ్మ చూసి కోటు ముందు భాగం కుట్టేసింది. వెనక భాగమే ఎటూ తేలడం లేదు. అప్పట్లో ముందు భాగమంతా ఆమె ఇష్టం వచ్చినట్టు కుట్టింది కానీ, వెనక మాత్రం తమ్ముడే సుద్దముక్కతో ఏదో గీసిచ్చాడు. తను పనిచేసే షాపు కుట్టుపని నెత్తి మీద ఉండగా గబగబా కుట్టిపడేసింది. సూది గీత మీద పోతోందా లేదా అన్నదే చూసింది. ఆ గీతలన్నీ కలిసి ఏ బొమ్మ అయ్యాయో చూడలేదు. కోసేటప్పుడైనా చూడలేదు. పెద్ద ముక్కలొస్తాయని ముందుగా వెనకవైపే కోసింది. ప్రస్తుతానికి అక్కడ తెల్లగుడ్డ పెట్టి, కచ్చా కుట్లు వేసి ఉంచింది.

టీ తీసుకుని అవతలి గదిలోకి వెళ్ళింది.

"దొరికిందా?" అన్నాడు తమ్ముడు.

"వెతుకుతున్నాగా."

"పెట్టెల్లో వెతకడానికి మిషను తొక్కాలా అక్కా?"

గ్లాసు ఆమె చేతిలోనే ఉండిపోయింది.

"కోసేశావని నాకప్పుడే తెలుసు," అన్నాడు. "నారింజరంగు గుడ్డతో టీగిన్నె దించావు. చూళ్ళేదనుకున్నావా?"

"మరి అడగలేదేంరా?"

"అడిగితే? గిన్నె పొయ్యి మీదే వదిలేసేదానివా?" నవ్వడానికి ఊపిరి కూడదీసుకున్నాడు. "పోనీలే. ఇప్పుడు కుడుతున్నావుగా."

ఆమె మంచం అంచున కూర్చుంది. "వెనక ఏముండేదిరా? గుర్తు రావట్లేదు."

"కుట్టింది నువ్వేగా!"

"కుట్టాను. చూళ్ళేదు."

వాడు చెయ్యెత్తి గాల్లో ఏదో గీయబోయి, ఆయాసం వచ్చి దించేశాడు. "సాయంత్రం గీసి చూపిస్తాలే. ముందు పనికి పో. మీ ఓనరు గడియారం ముందు కాపలా ఉంటాడు."

సుద్దముక్క ఆమె జేబులోనే ఉంది. ఎప్పుడూ ఉంటుంది. ఆయాసం తగ్గాక గీస్తాడులే అనుకుని తీయలేదు.

బట్టలు ఉతికిచ్చే దుకాణంలో వెనక గది ఆమెది. ప్యాంట్ల అంచులు మడవడం, పోయిన జిప్పులు మార్చడం, లావైనవాళ్ళకు కుట్లు వదులు చేయడం. పక్కనే ఇస్త్రీ ఆవిడ ఆవిరిలో నిలబడి ఉంటుంది. మధ్యాహ్నం ఆవిడ ఫోనులో ఏదో పాట పెట్టింది.

"మా పెద్దమ్మాయికి పొద్దస్తమానం ఇదే గోల. ఇంట్లో నా చెవుల తుప్పు వదిలిపోతోంది. అంతగా ఏముందా అని పెట్టా."

ఎవరో పొగలోంచి నడిచొస్తున్నట్టు ఆర్గను మొదలైంది. లావుపాటి గిటారు తీగ కడుపులో మోగింది. అప్పుడొచ్చింది గొంతు. ఒక చెవిలోంచి ఇంకో చెవిలోకి తిరుగుతూ, తలుపు తీయమని బతిమాలుతున్నట్టుంది. తమ్ముడి గొంతు. ఒకే ఇంట్లో ఉండి, ఆమె దాన్ని ఒక్కసారీ చివరిదాకా వినలేదు.

గొంతు ఆగిన చోట, కింద ఏదో టకటకమంది. డప్పు కాదు. ప్రతి చుట్టుకూ ఒక చిన్న తడబాటు. ఆమె చేతిలో సూది ఆగిపోయింది. ఇంట్లో తన కుట్టుమిషను తోలు పట్టా అతుకు చక్రం మీదికి వచ్చినప్పుడల్లా పడే తడబాటు అది. ఆ అతుకు వేసింది ఆమే.

అప్పట్లో ఒకరోజు వాడు టేపు రికార్డరు తెచ్చి మిషను కింద పెట్టాడు.

"తీయరా, కాలికి తగులుతోంది."

"పాట అయ్యేదాకా ఉండనీ అక్కా."

"ఏం పాట? నేనేమన్నా పాడుతున్నానా?"

వాడు మీట నొక్కాడు. ఆమె కాలితో దాన్ని పక్కకు నెట్టి, తొక్కుతూనే ఉంది.

"ఏంటలా అయిపోయావు?" అంది ఇస్త్రీ ఆవిడ. "నీకూ నచ్చలేదా?"

"ఇంటికెళ్ళాలి," అంటూ ఆమె లేచింది.

ఓనరు తెర తీసి తొంగిచూశాడు. "ఆ ప్యాంటాయన బెంచీ మీద కూర్చునే ఉన్నాడు. అది రేపంటే కుదరదు."

రేపు అనే మాట ఆమె నోట ఎన్నడూ రాలేదు. మళ్ళీ కూర్చుంది. రెండో కాలు అంచు కూడా మడిచి, కుట్టి, కుట్టు కనబడకుండా ఇస్త్రీ చేయించి, అప్పుడు చెప్పులేసుకుంది. దారి పొడుగునా ఒకటే మాట కూడబలుక్కుంటూ నడిచింది: విన్నానురా.

గుమ్మంలో రికార్డుల షాపావిడ నిలబడి ఉంది. మధ్యాహ్నాలు వచ్చి, తను తెచ్చిపెట్టిన ప్లేయరు మీద రికార్డు వేసి వెళ్తుంటుంది. లోపల పాట లేదు.

"రెండో వైపు వెయ్యమన్నారమ్మా. తిప్పి వేసి, ఇటు తిరిగేసరికి..."

తమ్ముడు కళ్ళు మూసుకుని ఉన్నాడు, అట్ట మీద లాగే. ఒక చెయ్యి దుప్పటి మీద ఉంది. ఆమె దాన్ని తన చేతిలోకి తీసుకుంది. ఇంకా వెచ్చగానే ఉంది.

"వెనక ఏముండేదో చెప్పాడా?"

"దేని వెనకమ్మా?"

ఆమె ఆ చేతిని మళ్ళీ దుప్పటి మీద ఉంచింది.

తమ్ముణ్ణి తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళలో ఒకాయన మిషను దగ్గర వేలాడుతున్న కోటు చూశాడు. చుట్టూ తిరిగి చూసి, మెల్లగా అన్నాడు. "ఇది తొడుగుదామా అమ్మా? వెనక పూర్తికాకపోతేనేం, పడుకున్న మనిషికి కనబడదుగా."

"వెనకేముందో ఎవరు చూస్తారులే అని నేనూ అప్పుడనుకున్నాను బాబూ," అంది ఆమె. "వద్దు."

వాళ్ళు వెళ్ళాక గదిలో కుర్చీలు అటూ ఇటూ జరిగి ఉన్నాయి. ఆమె జేబులో చెయ్యి పెట్టి సుద్దముక్కను పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఎదురుగా కొక్కేనికి కోటు వెనకవైపు ఇటు తిరిగి వేలాడుతోంది. వెనకంతా ఉత్త తెల్లగుడ్డ, దాని మీద ఒక్క గీతా లేదు.