పొదగడంలో ఆయన వంతు

మా ఆయనకి ఇద్దరు భార్యలు. రెండో ఆవిడకి రెక్కలున్నాయి.

పేరు ఛాయ. సారస కొంగ. భిలాయిలో మరోదా చెరువు అవతల చిత్తడి నేలలో, అరుదైన కొంగల్ని సాకి పిల్లల్ని పొదిగించే కేంద్రం ఉంది. ఆయన అక్కడ కీపరు, అందరికీ అప్పలకొండ అంకుల్. గుడ్డులోంచి వచ్చింది మొదలు చేత్తో మేపడంతో ఛాయ ఆయన్నే తన జోడీ అనుకుంది. మగకొంగలొస్తే పొడిచి తరిమేది. వానాకాలంలో ఆయన చేతులు చాపి దాని ముందు గెంతితేనే మెత్తబడేది. మిగతాది డాక్టరుగారి సిరంజి చూసుకునేది. మా పెళ్లి ఊరేగింపులో కూడా అలా గెంతలేదు మహానుభావుడు. పైగా దానికి సూర్యుడి రెండో భార్య పేరు. చదువుకున్న పెళ్లాం కనిపెడుతుందని అనుకోలేదు కాబోలు.

మాకు పిల్లల్లేరు. సవతికైనా ఒక పిల్ల పుడితే చూడాలని ఆయన ఆశ. పొదిగే మెషీన్లో పెట్టిన గుడ్లన్నీ మురిగిపోయేవి.

రాష్ట్రం విడిపోయిన మరుసటి వేసవిలో ఆయన పోయారు. కేంద్రం బోర్డు మీద మధ్యప్రదేశ్ చెరిపి ఛత్తీస్‌గఢ్ రాశారు. మారిన సంగతి ఛాయకి మాత్రం ఎవరూ చెప్పలేదు.

వానలు మొదలవగానే ఆయన దగ్గర హెల్పరుగా చేసి ఇప్పుడు కీపరైన కెల్విన్ సెక్టర్ 2లో మా క్వార్టరుకొచ్చాడు. భిలాయిలోనే పుట్టాడు, తెలుగు అరకొర, సగం హిందీ.

"ఆంటీ, ఛాయ ఎవర్నీ దగ్గరికి రానివ్వట్లేదు. నేను డాన్స్ చేస్తే మొహం తిప్పేసింది."

"నీ డాన్స్ చూస్తే నేనూ తిప్పేస్తాన్రా."

"మజాక్ కాదు ఆంటీ. దానికి ఉమర్ అయిపోయింది. ఈ బారిష్ సీజన్లో పెట్టే గుడ్డే ఆఖరిదని డాక్టర్ సాబ్ అన్నారు."

చీర మీద ఆయన ఖాకీ చొక్కా తొడుక్కుని వెళ్లాను. చేతులు చాపి గెంతాను. ఇన్సూరెన్సు ఏజెంటుని చూసినట్టు చూసింది.

"క్యారేజీ తెచ్చినప్పుడు గేటు దగ్గర అప్పలకొండ అంకుల్‌ని పిలిచేవారు కదా, అలా పిలవండి. ఆ ఆవాజ్ వింటే అంకుల్ వస్తారని దానికి మాలూమ్."

మావైపు పోయినోళ్లని పిలవకూడదు. పిలిస్తే వస్తారంటారు. నేను బీఏ చదివాను. పిలిచాను.

"ఏవండీ! ఇలా రండి."

ఛాయ మెడ నిటారుగా లేచింది. నా ఎడమ భుజం పక్కన, మనిషి ఎత్తున చూస్తూ వంగింది. రెక్కలు విప్పి గెంతింది. ఆగింది. ఎదుటివాళ్లు గెంతేదాకా ఓపిక పట్టినట్టు నిలబడి, మళ్లీ గెంతింది.

"ఆంటీ, కొంచెం జరగండి," కెల్విన్ గొంతు తగ్గించాడు. "అడ్డంగా ఉన్నారు."

రెండడుగులు పక్కకి జరిగాను. పిలిచింది నేను, చూసింది ఆవిడ. సవతంటే అంతే.

గుడ్డు వచ్చింది. ఈసారి మెషీన్ వద్దు, ఛాయనే పొదగనిద్దామన్నారు డాక్టరుగారు. సారసలు వంతులేసుకుని పొదుగుతాయి. ఒకటి లేస్తే జోడీ కూర్చోవాలి. ఒక ఉదయం జల్లు పడుతుండగా ఛాయ గూడు దిగి, వెనక్కి చూడకుండా మేతకి వెళ్లిపోయింది.

"ఠండా అయిపోతుంది! మెషీన్లో పెట్టేస్తా!" కెల్విన్ బురదలో పరిగెత్తాడు. వెనకే నేను.

గూటి గడ్డంతా తడిసి ముద్దయింది. గుడ్డు పొడిగా ఉంది. జ్వరం చూసినట్టు చేయి ఆనించాను. వెచ్చగా ఉంది.

కెల్విన్ తియ్యబోయాడు. మణికట్టు పట్టుకున్నాను.

"ఒగ్గీరా," అన్నాను. "ఆయన కూకున్నారు."