నాలుగు లీటర్ల నీళ్లు

మునీశ్వరికి పెద్దపేగు లేదు. మూడేళ్ల కిందట పుండ్లు పడి చెడిపోతే ఆపరేషన్ చేసి తీసేశారు. చిన్నపేగు కొసను పొట్టకు కుడిపక్క బయటికి తెచ్చి కుట్టారు. దాని మీద ఒక సంచి అతికించుకోవాలి. తిన్నదీ తాగిందీ అందులోకే వస్తుంది. సగం నిండకముందే పోయి ఒంపుకుని రావాలి. మొదట్లో ఏడ్చింది. తర్వాత అలవాటు చేసుకుంది. చౌడేపల్లె దగ్గర తన ఊళ్లో పాలకేంద్రం నడిపేది ఆమే. రెండు పూటలా డెబ్బై మంది పోసే పాలు కొలిచి, వెన్న ఎంతుందో చూసి, క్యాన్లు వ్యాన్ ఎక్కించేది. చీర కింద సంచి ఉందని సగం ఊరికి తెలియదు.

ఈ ఏడు ఏప్రిల్‌లో ఎండలు ముదిరాక సంచి రోజుకు తొమ్మిది పదిసార్లు నిండసాగింది. అంతా నీళ్లే. పిక్కలు పట్టేసేవి. నాలుక పిడచకట్టుకుపోయేది. దాహమని చెంబెడు తాగితే అరగంటలో అదీ సంచిలోకే. పాలు కొలిచే మనిషి ఊరికే ఉండలేకపోయింది. గీతలున్న ప్లాస్టిక్ కొలపాత్ర ఒకటి పెట్టుకుని, సంచి ఒంపిన ప్రతిసారీ ఎంత వచ్చిందో నోటుబుక్కులో రాసింది. రోజుకు రెండున్నర లీటర్లు.

ఆ వారంలోనే గుండె కొట్టుకోవడం తేడా చేసింది. ఒక దెబ్బ తప్పేది, వెంటనే రెండు మూడు గబగబా పడేవి. ఒకనాడు క్యాను ఎత్తబోయి కళ్లు తిరిగి కూలబడింది. భర్త జయచంద్ర ఆమెను పుంగనూరు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు చేయి పట్టి చూసి, మదనపల్లెలో మధుసూదన్ అనే గుండె డాక్టరుకు చీటీ రాసిచ్చాడు.

మధుసూదన్ గదిలో ఆమె ఉన్నది నాలుగు నిమిషాలు. ఈసీజీ చూసి, "అక్కడక్కడ దెబ్బ తప్పుతోంది. భయం లేదు" అన్నాడు.

"సార్, నాకు పొట్ట మీద సంచి ఉండాది. దినానికి రెండున్నర లీటర్లు పోతాండాది. ఈ బుక్కులో రాసినా, సూడండి."

"అది ఆపరేషన్ చేసినాయన చూసుకోవాలమ్మా. నేను గుండె డాక్టర్ని."

"అట్ల పోయేదానికీ గుండెకీ ఏమన్నా..."

"ఏం లేదు. టెన్షన్ పడొద్దు. ఉప్పు బాగా తగ్గించు. రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు తాగు." చీటీ మీద అదే రాసి, కింద ఒక మాత్ర రాశాడు. కాంపౌండరు సురేంద్ర అప్పటికే తర్వాతి నంబరు పిలిచాడు. నోటుబుక్కు ఆమె చేతిలో తెరిచింది తెరిచినట్టే ఉంది.

డాక్టరు మాట ఆమె తూచా తప్పకుండా పాటించింది. సంగటిలోకి చప్పిడి పప్పు, ఉప్పులేని మజ్జిగ. పొద్దున్నుంచీ చెంబుల లెక్కన నీళ్లు. తాగేకొద్దీ సంచి ఇంకా నిండింది. తొమ్మిదో రోజుకు మూడున్నర లీటర్లు దాటింది. క్లినిక్‌కు ఫోన్ చేస్తే సురేంద్ర ఎత్తాడు.

"నీళ్లు తాగితాండావా లేదా?"

"తాగితాండానప్పా. తాగేకొద్దీ పోతాండాది."

"ఇంగా తాగు."

పన్నెండో రోజు పాలకేంద్రాల వాళ్లకు కుప్పంలో మీటింగు. పోనంటే ఒప్పుకోరని పోయింది. కుప్పం బస్టాండులో దిగుతూ మెట్టు మీదే పడిపోయింది. చుట్టూ చేరిన వాళ్లు ఎండదెబ్బ అన్నారు. ఎవరో ఆటోలో వేసి ఆసుపత్రికి చేర్చారు. గుండె ఒక వరుస లేకుండా నిమిషానికి నూట అరవైసార్లు కొట్టుకుంటోంది.

ఆ పూట డ్యూటీలో ఉన్నది నీరజ అనే చిన్న వయసు డాక్టరు. ఈసీజీ తీయించి, ఆమె కొంగు పక్కకు జరిపి సంచి చూసింది.

"పేగు బయటికి పెట్టినారా? దినానికి ఎంత పోతాందక్కా?"

ఆ మాట అడిగిన మొదటి డాక్టరు ఆమె. మునీశ్వరి మాట్లాడలేక చేతిసంచి వైపు చూపించింది. నీరజ నోటుబుక్కు తీసి, నిలబడే ఒక్కో పేజీ చదివింది. రక్తం పరీక్షలో ఉప్పు తక్కువ, పొటాషియం తక్కువ, మెగ్నీషియం మరీ తక్కువ. నరానికి సెలైన్ పెట్టి, మెగ్నీషియం ఎక్కించారు. మర్నాడు మధ్యాహ్నానికి గుండె దారిలోకి వచ్చింది.

అప్పుడు నీరజ మంచం పక్కన కూర్చుని, ఇన్నాళ్లూ ఏం తిన్నదీ ఏం తాగిందీ అడిగి తెలుసుకుని చెప్పింది. "పెద్దపేగు ఉంటే ఉప్పునీ నీళ్లనీ వంట్లోకి పీల్చుకుంటాది. నీకు అది లేదు. ఉత్త నీళ్లు తాగేకొద్దీ అవి వంట్లో ఉండే ఉప్పును కూడా ఎత్తుకుని బయటికి పోతాయి. అట్ల ఉప్పు పోబట్టే గుండె దెబ్బ తప్పింది. నిన్ను ఉప్పు మానమన్నది ఎవరు?"

"పెద్ద డాక్టరేమ్మా."

నీరజ ఒక కాగితం తీసుకుంది. ఇకమీదట ఏం చేయాలో దాని మీద తెలుగులో రాసిచ్చింది. తను చెప్పిన కొలతలో కలిపిన ఓఆర్ఎస్‌ను గుక్కగుక్కగా తాగాలి. ఉత్త నీళ్లు లీటరు దాటకూడదు. గంజిలో ఉప్పు వేసుకోవాలి. తినేముందు, సంచిలోకి వచ్చేది చిక్కబడే మాత్ర వేసుకోవాలి. నెలనెలా రక్తం చూపించాలి. రెండు లీటర్లు దాటినా, పిక్కలు పట్టేసినా, గుండె దడదడలాడినా ఇంట్లో కూర్చోకూడదు.

రెండు వారాల్లో సంచి కొలత లీటరుకు దిగింది. ఒంట్లోకి సత్తువ వచ్చింది. సత్తువతోపాటే కోపమూ వచ్చింది. అంతకుముందు కోపం తెచ్చుకోవడానికి కూడా ఆమెకు ఓపిక లేదు.

"బతికినావు కదా. డాక్టర్లతో గొడవ మనకు యాల?" అన్నాడు జయచంద్ర.

"నేను సెప్పకుండా ఉంటే నా తప్పు. కొలిసి, రాసి, ముందర పెట్టినా. ఒక్క పేజీ సూసేదానికి ఎంత సేపు పడతాది?"

మదనపల్లె పోయి, అందరిలాగే టోకెన్ తీసుకుని మూడు గంటలు కూర్చుంది. లోపలికి పోయి కుప్పం కాగితాలు బల్ల మీద పెట్టింది. మధుసూదన్ తిరగేశాడు.

"మంచిది. సరైపోయింది కదా."

"యాల అట్లయిందో సదివినారా సార్?"

"పేగు బయట ఉందని నువ్వు ముందే చెప్పాల్సింది."

మునీశ్వరి తను కూర్చున్న కుర్చీ చేతిని తట్టింది. "సెప్పినా. ఈ కుర్చీలోనే కూసోని సెప్పినా. గుండెకీ దానికీ సంబంధం లేదంటిరి."

ఆయన క్లినిక్ ఫైలు లాగి, ఏప్రిల్ నాటి పేజీ తీసి, అడుగున ఏదో రాయబోయాడు. ఆమెకు ఇంగ్లీషు రాదు. కానీ ఓఆర్ఎస్ ప్యాకెట్లు రోజూ చించుతోంది. ఆ మూడక్షరాలు తలకిందులుగా ఉన్నా గుర్తుపట్టింది.

"ఆ దినం మీరు అది తాగమని సెప్పలేదు సార్. ఇప్పుడు రాస్తాండారు."

"మెల్లగా మాట్లాడమ్మా. బయట జనం ఉన్నారు."

"ఉండనీ. వాళ్లూ ఇనల్ల." తన దగ్గరున్న పాత చీటీ తీసి చూపించింది. ఉప్పు తగ్గించాలని, నీళ్లు నాలుగు లీటర్లని ఆయన చేత్తో రాసిందే. "ఇది నా దగ్గిర ఉండాది. దీంట్లో మీరు ఏమీ కలపలేరు."

ఆయన గంట నొక్కాడు. సురేంద్ర వచ్చాడు, తలుపు పట్టుకుని నిలబడ్డాడే కానీ ఆమెను లెమ్మనలేదు. ఆమే లేచి, తన కాగితాలన్నీ ఏరుకుని బయటికి వచ్చింది.

మర్నాడు ఊరి బడి పంతులమ్మ ప్రమీల చేత జిల్లా వైద్యాధికారికి అర్జీ రాయించి, మధుసూదన్ చీటీ, నీరజ రాసిచ్చిన కాగితం, నోటుబుక్కు పేజీలు జెరాక్స్ తీయించి పంపింది. నెల దాటాక జవాబు వచ్చింది. విచారణకు ఆధారాలతో స్వయంగా రావాలట.

"ఒక దినమంతా పోతాది. పాలెవురు పోయించుకుంటారు?" అన్నాడు జయచంద్ర.

"నువ్వు పోయించుకో. కొలిసేది నేర్పిస్తా."

అతను అడిగాడు. "ఆయప్ప తప్పయిందని ఆ పొద్దే అనుంటే వదిలేసుందువా?"

"అనుంటే సూసుందును. అనలేదు కదా" అంది మునీశ్వరి.