బ్యాగుతో రమ్మన్నారు

ఫోను మోగినప్పుడు నా కూతురు జూని భుజం మీద ఉంది. రాత్రంతా దగ్గి దగ్గి అప్పుడే నిద్రలోకి జారింది. దాని వీపు మీద చెయ్యి వేసి, ఊపిరి సరిగ్గా ఆడుతోందా లేదా అని చూసుకుంటూ వంటింట్లో అటూ ఇటూ తిరుగుతున్నాను. పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ నాకు ఇదే పని. మా మేనత్త వెర్నా పొయ్యి దగ్గర పాన్‌కేకులు తిప్పుతోంది.

"నువ్వెత్తవే అమ్మాయ్, నా చేతులకు పిండి" అంది.

అటువైపు మా ఊరి బేస్‌బాల్ జట్టు మేనేజరు హాస్కిన్స్. "మార్లీ, యెఫ్రి లేచాడా? పదింటికి మైదానానికి రమ్మను. బ్యాగుతో రమ్మను" అని పెట్టేశాడు. గొంతు బొంగురుగా ఉంది. నిద్ర చాలలేదేమో అనుకున్నాను.

ఆ మాట చెప్పగానే వెర్నా చేతిలోని గరిటె జారి పొయ్యి మీద పడింది.

"బ్యాగా? బ్యాగుతో అన్నాడా? సరిగ్గా విన్నావా?"

"విన్నానమ్మా. బ్యాగుతో అనే అన్నాడు."

కోల్టర్ ఫాల్స్‌లో ఈ మాటకు అర్థం తెలియని ఇల్లు లేదు. మా జట్టు పేరు హెరాన్స్. మేం మాత్రం కొంగలు అంటాం, గెలిస్తే ముద్దుగా, ఓడితే ఎగతాళిగా. చిన్న లీగు. ఆటగాళ్ళకు వచ్చేది గది అద్దెకు కూడా చాలదు. అందుకని వేసవంతా ఊళ్ళోవాళ్ళే వాళ్ళను ఇళ్ళల్లో పెట్టుకుంటారు. కాగితం మిల్లు మూతపడి సగం ఊరు ఖాళీ అయినా ఈ అలవాటు పోలేదు. కుర్రాడు బాగా ఆడి, ఏ పెద్ద జట్టో అతన్ని తీసుకుంటే, మేనేజరే పొద్దున్న ఆ ఇంటికి ఫోను చేసి బ్యాగుతో రమ్మంటాడు. చెడ్డ కబురు ఎప్పుడూ ఫోనులో రాదు. ఆట అయ్యాక గదిలోకి పిలిచి తలుపేసి చెబుతారు. కుర్రాడు నడుచుకుంటూ ఇంటికొస్తాడు. ఆ ఇంటావిడ ఏమీ అడగదు. కంచంలో అన్నీ వడ్డించి ఎదురుగా కూర్చుంటుంది.

వెర్నా పెళ్ళైన కొత్తలోనే ఆటగాళ్ళను ఇంట్లో పెట్టుకోవడం మొదలుపెట్టింది. కంచం పెట్టడం ఎన్నోసార్లు చేసింది. బ్యాగు ఫోను మాత్రం మా ఇంటికి అదే మొదలు.

"ఒరే యెఫ్రీ! లేవరా! లేచి మొహం కడుక్కో!" అని మెట్ల కింద నిలబడి అరిచింది. జూని ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది.

యెఫ్రి జుట్టు చెదిరి, ఒక కాలికే మేజోడుతో కిందికొచ్చాడు. అతను పిచర్. బంతి విసిరే చెయ్యే అతని బతుకంతా. డొమినికన్ దేశం నుంచి పదహారో ఏట ఒక పెద్ద జట్టు తీసుకొచ్చింది. మోచేతికి ఆపరేషను అయ్యాక వదిలేసింది. ఇంకెవరూ పిలవకపోతే మా కొంగలు పిలిచారు. ఈ జట్టులో ఉన్నంతకాలమే ఈ దేశంలో ఉండనిస్తారు. ఇక్కణ్ణుంచి పైకి వెళ్ళాలి, లేదా ఇంటికి. మధ్యలో ఇంకో దారి లేదు.

"బ్యాగు సర్దుకోరా. హాస్కిన్స్ ఫోను చేశాడు" అంది వెర్నా. అప్పటికే ఏడుస్తోంది.

అతను నా వైపు చూశాడు. "మార్లీ, నిజమా? మామా వెర్నా ఆట పట్టిస్తోందా?" మామా అంటే వాళ్ళ భాషలో అమ్మ.

"నిజమే. నాతోనే మాట్లాడాడు."

అతను మెట్ల మీదే కూర్చుండిపోయాడు. తర్వాత లేచి, ఏడుస్తున్న జూనిని నా చేతుల్లోంచి తీసుకుని వంటిల్లంతా గిరగిరా తిరిగాడు. "మెల్లగా, దానికి దగ్గు" అన్నాను. నాకు మంచి కబురన్నా భయమే. మంచి జరుగుతుంటే ఏదో మర్చిపోయాననిపిస్తుంది.

వాళ్ళమ్మకు ఫోను చేశాడు. ఆవిడ పేరు మిలాదిస్. ఆవిడ పెట్టిన కేక మా వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. వెనకాల ఎవరో పాట పెట్టారు, ఎవరో గిన్నె వాయించారు. నాకు వాళ్ళ భాష రాదు. పదకొండో తరగతిలో ఉండగా జూని కడుపులో పడింది, బడి అక్కడితో ఆగింది, స్పానిష్ క్లాసూ అక్కడే ఆగింది. కానీ ఒక తల్లి వీధిలోకి పరిగెత్తి పక్కింటావిణ్ణి పిలుస్తోందని తెలుసుకోవడానికి భాష ఏం కావాలి?

మా ఊళ్ళో ఇంకో ఆచారం ఉంది. పైకి వెళ్ళే కుర్రాణ్ణి అతన్ని ఇంట్లో పెట్టుకున్నావిడే కారులో తీసుకెళ్ళాలి, మెయిన్ స్ట్రీట్ పొడుగునా హారన్ కొడుతూ. జనం పని ఆపి బయటికి వస్తారు. ఇన్నేళ్ళూ వేరేవాళ్ళ హారన్లు విని గుమ్మంలో చప్పట్లు కొట్టిన మనిషి వెర్నా. ఈరోజు ఎర్ర లిప్‌స్టిక్ వేసుకుంది.

"ఎక్కండి, ఎక్కండి. అమ్మాయ్, పిల్లకు టోపీ పెట్టు. నువ్వు ముందు కూర్చోరా, నిన్ను అందరూ చూడాలి."

మెయిన్ స్ట్రీట్ మలుపులో మొదలుపెట్టింది. హారన్ మీంచి చెయ్యి తీయలేదు. మంగలి షాపులోంచి సగం గడ్డం గీయించుకున్న మనిషి బయటికొచ్చాడు. "ఎవరు వెర్నా, ఆ పొడుగు కొంగేనా?" అని అరిచాడు.

"ఆఁ, మా కొంగే! ఎగిరిపోతోంది!"

యెఫ్రి కిటికీలోంచి సగం బయటికి వచ్చి చెయ్యి ఊపుతున్నాడు. నేను వెనక సీట్లో జూని చెవులు మూసి నవ్వుతున్నాను. చాలా రోజుల తర్వాత ఏ భయమూ లేకుండా నవ్వాను.

అప్పుడు చర్చి వీధి వైపు నుంచి ఇంకో హారన్ వినిపించింది.

"ఇంకెవరే? ఇద్దరినా? ఒకే రోజా!" అంది వెర్నా మురిసిపోతూ.

వంతెన దగ్గరికి రాగానే మూడోది వినిపించింది. మిల్లు క్వార్టర్ల వైపు నుంచి నాలుగోది. వెర్నా చెయ్యి హారన్ మీంచి జారి ఒళ్ళో పడింది. యెఫ్రి లోపలికి వచ్చి కూర్చున్నాడు. మిగతా హారన్లు కూడా ఒక్కొక్కటే ఆగిపోయాయి.

మైదానం బయటంతా కార్లతో నిండిపోయి ఉంది. ప్రతి కారు పక్కనా బ్యాగు భుజాన వేసుకున్న ఒక కుర్రాడు, మంచి బట్టలు కట్టుకున్న ఒక ఆడమనిషి. కేకు పళ్ళెంతో ఒకావిడ ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడి ఉంది. గేటుకు కొత్త తాళం వేలాడుతోంది.

హాస్కిన్స్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "యజమాని నిన్న రాత్రి జట్టును మూసేశాడు. నాకూ పొద్దున్నే చెప్పారు. లోపల మీ సామాన్లున్నాయి, మధ్యాహ్నం దాకే తీసుకోనిస్తారట. అందుకే బ్యాగులు తెచ్చుకోమన్నా" అన్నాడు.

"ఆ మాట ఫోనులో చెప్పి చావకూడదటయ్యా?" అంది వెర్నా. "మా ఊళ్ళో బ్యాగు అంటే ఏమిటో తెలీదా నీకు?"

"తెలుసు వెర్నా. ఇరవై ఇళ్ళకు ఫోను చేయాలి. ఒక్క ఇంట్లో ఆ మాట చెప్పినా రెండో ఇంటికి చేయలేకపోయేవాణ్ణి."

యెఫ్రి చేతిలో ఫోను మోగింది. వాళ్ళమ్మ. అతను దాన్ని చూస్తూ నిలబడ్డాడు. ఆగిపోయి మళ్ళీ మోగింది.

"ఏం చెప్పను మామా?" అని అడిగాడు.

వెర్నా లిప్‌స్టిక్‌ను చేత్తో తుడిచేసుకుంటోంది.

"ఇప్పుడే చెప్పు" అన్నాను నేను. "ఆలస్యమైన కొద్దీ ఆవిడ ఇంకో నలుగురికి చెబుతుంది. రేపు వాళ్ళందరి ముందూ తిరగాల్సింది ఆవిడే."

ఎత్తాడు. తెర నిండా మొహాలు, వెనక పాట. అతను నాలుగు మాటలే అన్నాడు. మొహాలు ఒక్కొక్కటే పక్కకు తప్పుకున్నాయి, ఎవరో పాట ఆపేశారు. మిలాదిస్ ఒక్కతే మిగిలింది. ఏదో అడిగింది. అతను ఫోను మా వైపు తిప్పాడు.

"ఒంటరిగా ఉన్నావా అని అడుగుతోంది."

వెర్నా ముందుకొచ్చి, ఆవిడకు కనిపించేలా అతని భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఇద్దరూ ఒకరి మాట ఒకరికి అర్థం కాకుండా మాట్లాడుకున్నారు. నేను జూనిని కొంచెం పైకెత్తి చూపించాను. ఇంకేం చూపించాలో తోచలేదు.

యెఫ్రి లోపలి సామాన్లు బ్యాగులో వేసుకొచ్చాక బయల్దేరాం. ఇంటికి రావడానికి వేరే దారి లేదు, మెయిన్ స్ట్రీటే. జనానికి ఇంకా ఏమీ తెలీదు. బడి దగ్గర పిల్లలను రోడ్డు దాటించే ఓపల్, అడ్డంగా చెయ్యి పెట్టి మా కారు ఆపింది. కిటికీలోంచి యెఫ్రి చెయ్యి పట్టుకుంది.

"ఏదో మర్చిపోయి వెనక్కొచ్చారా? పోనీలే, నిన్ను దగ్గర్నుంచి చూశాను. టీవీలో కనిపిస్తే మా ఊరి పేరు చెప్తావుగా నాయనా?"

వెర్నా స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తోంది.

"చెప్తానమ్మా" అన్నాడు యెఫ్రి. ఆవిడ తనంతట తాను వదిలేదాకా చెయ్యి అలాగే ఉంచాడు.