మళ్ళీ చూడాలి

ఆ మ్యూజియంలో మూడో బీరువాకి అందరూ పెట్టిన పేరు మాస్టారి బద్ధకం. పందొమ్మిది పెట్టెల నిండా సూదులకు గుచ్చిన కంపు పురుగులు, ఒక్కదానికీ పేరు లేదు. పేరుండాల్సిన చోట ప్రతి పెట్టెలోనూ మాస్టారి దస్తూరీతో ఒకటే చీటీ: "మళ్ళీ చూడాలి." రిటైరయ్యేదాకా ఆయన మళ్ళీ చూడనేలేదు. తాళంచెవి శిష్యురాలి చేతిలో పెట్టి ఇంటికి వెళ్ళిపోయారు. ఆ శిష్యురాలే ఇప్పటి క్యూరేటరమ్మ.

ఆ సోమవారం ఆమె ముందున్న పని చూడ్డానికి చాలా చిన్నది. మాస్టారు పేరు పెట్టిన పురుగుల్లో ఆఖరిదాన్ని ఒక ప్రజాతిలోంచి తీసి మరో ప్రజాతిలో చేర్చాలి. మనుషుల్లో ఇంటిపేరు మారడం లాంటిదనుకోండి. అడవి నుంచి కొత్తగా వచ్చిన అదే జాతి పురుగులు ఆరింటికీ మీసంలో రెండో కణుపు పొట్టిగా ఉంది. ముప్ఫై ఏళ్ళ కిందట మాస్టారు చూసి, వర్ణన రాసి పేరు పెట్టిన మొదటి పురుగుకు, అంటే మూల నమూనాకు, మాత్రం పొడుగు. ఆ పొడుగును బట్టే ఆయన దాన్ని పాత ప్రజాతిలో పెట్టారు.

మూల నమూనాను మైక్రోస్కోపు కింద పెట్టింది. మీసం మొదట్లో చిన్న జిగురు బొట్టు. ఎవరు అంటించారో ఆమెకు తెలుసు.

మాస్టారు ఆ పురుగును తెచ్చి, దాని గురించి ఇంకా రాయకముందు మాట అది. అప్పటికి ఆమె ఉద్యోగంలో చేరి మూడు నెలలు. దుమ్ము దులుపుతుంటే మోచేయి తగిలి పెట్టె కింద పడింది. పురుగుకు ఎడమ మీసం దొరికిననాడే లేదు. ఉన్న కుడిదీ ఊడి, ఫ్యాను గాలికి ఎటో పోయింది. పనికిరాదని పక్కన పడేసిన వేరే రకం పురుగు మీసం పీకి దీనికి అంటించేసింది. అంత చదివినదానికి ఆ మాత్రం తెలియదా అంటే, ఉద్యోగం ఊడుతుందన్న భయంలో ఏ చదువు గుర్తొస్తుంది గనక!

ప్రజాతి మారితే, మొదట పేరు పెట్టినవారి పేరును బ్రాకెట్లలో వెయ్యడం ఆ శాస్త్రంలో ఆనవాయితీ. మాస్టారి పేరుకు ఆ బ్రాకెట్లు వెయ్యడానికి ఆమెకు చెయ్యాడలేదు. "నమూనాకు మీసం తర్వాత ఎవరో అంటించినది" అని ఒక్క ముక్క రాస్తే చాలు, ఎవరని అడిగే నాథుడు లేడు. రాసింది. కొట్టేసింది. సాయంత్రం కాగితాలు సంచిలో వేసుకుని మాస్టారింటికి బయల్దేరింది.

మాస్టారికి చూపు దాదాపు పోయింది. కిటికీ పక్క కుర్చీలోంచే పలకరించారు.

"రావమ్మా. నీకంటే ముందు కలరా ఉండల వాసనొచ్చింది."

నవ్వబోయి ఏడ్చేసింది. ఏడుస్తూనే మోచేయి, ఫ్యాను, జిగురు, ఏదీ దాచకుండా చెప్పేసింది.

ఆయన చివరిదాకా విన్నారు. తర్వాత, "ఇప్పుడది ఏ ప్రజాతిలోకి వెళ్తోంది?" అని అడిగారు. చెప్పింది.

"దాన్ని తెచ్చిన రోజే అది అక్కడిదనుకున్నానమ్మా. నోటుబుక్కులో రాసుకున్నాను కూడా. నాలుగు రోజులకి తీసి చూస్తే మీసం ఇంకోలా ఉంది. నీ మీద అనుమానం రాలేదు. నా కళ్ళ మీదే వచ్చింది. ఇక ఆ తర్వాత దేన్ని చూసినా అదే. మళ్ళీ చూడాలి, మళ్ళీ చూడాలి."

మూడో బీరువాను తల్చుకుని ఇన్నేళ్ళూ అందరితోపాటు తనూ నవ్వింది. ఆ రోజే ఉద్యోగం పోయుంటే ఎంత బాగుండేదో అనిపించింది.

"క్షమించమని అడగడానికి కూడా నోరు రావట్లేదు మాస్టారూ."

"అడక్కు." ఆ గొంతులో అంత కోపం ఆమె ఎన్నడూ వినలేదు. "వ్యాసంలో రాయి. ఎవరు అంటించారో పేరుతో సహా రాయి. నా పేరు బ్రాకెట్లలో వెయ్యి."

"అలాగే మాస్టారూ."

కిటికీ అవతల చీకటి పడుతోంది. ఆమె లేవబోతుంటే ఆయన మళ్ళీ అన్నారు.

"ఆ బీరువా తాళంచెవి నీ దగ్గరే ఉందిగా?"

"ఉంది."

"రేపు మొదటి పెట్టె పట్రా. నేను చూడలేను. నువ్వు చూసి చెప్తే పేర్లు నేను పెడతా." గాల్లో తడుముకుని ఆమె చెయ్యి పట్టుకున్నారు. "ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పమ్మా."