కోళ్ళగంప మీద ఉల్క

నేను ఒక ఉల్కను. అల్లాటప్పా రాయిని కాను. సూర్యుడు ఇంకా కళ్ళు నులుముకుంటున్న రోజుల్లో పుట్టాను. నాలాంటిది ముల్లోకాల్లో మరొకటి లేదు, ఒళ్ళంతా ఇనుమే. నేను దిగిననాడు మూడు జిల్లాలు అదిరాయి, సముద్రం ఒక అడుగు వెనక్కి వేసింది.

ఇప్పుడు మా ప్రాంతంలో పడిన రాళ్ళన్నిటినీ వరసగా పెట్టిన ఒక మ్యూజియం బీరువాలో పడుకుని ఉన్నాను. తిరిగి తిరిగి అలిసినవాడికి ఈ మాత్రం నీడ చాలు. మీరు ఆగి చూశారు కాబట్టి చెబుతున్నాను.

పుట్టుక గురించి పెద్దగా ఏమీ లేదు. ధూళి ముద్దకట్టింది, లోపల ఉడికింది, మా తల్లిరాయిని ఇంకో రాయి గుద్దితే ముక్కలయ్యాం. ఆ తరవాత అంతా తిరుగుడే. చీకట్లో, చలిలో, పలకరించే దిక్కు లేకుండా ఎంతకాలం తిరిగానో చెబితే మీకు ఆవలింత వస్తుంది. నాకిప్పటికే వస్తోంది. చివరికి ఒక ఎండపూట, ఆదెమ్మ మిరపకాయలు ఆరబోసుకున్న కళ్ళంలో పడ్డాను.

మబ్బు లేని ఆకాశంలో మోత విని, ఆదెమ్మ చీపురు వదిలేసి "అర్జునా! ఫల్గుణా!" అని చెవులు మూసుకుంది. నన్ను పిడుగురాయి అనుకుంది. నిప్పులు కక్కుతూ పడ్డానని తరవాత ఊరంతా చెప్పింది గానీ, ఆమె తాకేసరికి నేను చల్లగానే ఉన్నాను. పిడుగురాయి కడిగిన నీళ్ళు తాగితే పాలు పెరుగుతాయని గేదెకు పట్టింది. గేదె తన్నింది. దాంతో నన్ను తీసుకెళ్ళి కోళ్ళగంప మీద బరువుగా పెట్టింది. ఆకాశం నుంచి దిగినవాడికి భూలోకంలో దొరికిన ఉద్యోగం అది.

ఆదెమ్మ కాపురం ఉండేది ఒక చిన్న పాలెంలో. తుప్పలు కొట్టి దాన్ని కట్టినవాడు చెంచయ్య, అందుకే అది చెంచయ్యపాలెం. ఏ పటంలోనూ లేదు. ఎవరడిగినా గుడిమెళ్ళపాడు పక్కన అని చెప్పుకోవాల్సిందే. కట్టిన తాత పేరే మనవడికి పెట్టారు. ఆ మనవడే ఆదెమ్మ మొగుడు. మొగుడి పేరు నోట పలకకూడదు గనక, పాపం, ఆమె సొంత ఊరి పేరు కూడా పలికేది కాదు. బస్సులో కండక్టరు ఎక్కడికని అడిగితే "వాగు దాటాక దించు నాయనా" అనేది. పెళ్ళినాడు ఆడబడుచులు గడపకు అడ్డం నిలబడి పేరు చెప్పమంటే ఒక్కసారి గొణిగింది. మళ్ళీ ఆ మాట ఆమె నోట ఎవరూ వినలేదు.

ఆకాశంలో మోత విన్న ఊళ్ళన్నీ తిరుగుతూ సుభాషిణి అనే రాళ్ళ శాస్త్రవేత్త వచ్చింది. అయస్కాంతం నాకు అతుక్కోగానే ఆమె మొహం వెలిగింది. నాలోంచి ఒక ముక్క కోసుకుపోయి, కొన్నాళ్ళకు ఫలితంతో తిరిగొచ్చింది. గింజలు పొదిగిన రాళ్ళలో నా జాతి "సాధారణ కాండ్రైట్" అట. సాధారణం! అందులోనూ ఎల్ వర్గం, అంటే ఇనుము తక్కువ. ఆరో రకం, అంటే లోపల ఉడికి ఉడికి గింజల అంచులు చెరిగిపోయినది. ఆకాశం నుంచి పడేవాటిలో ఇలాంటివే ఎక్కువట. కాబట్టి మొదట్లో చెప్పిన గొప్పలన్నీ కొట్టేసుకోండి. సముద్రం కదల్లేదు, ఒక గేదె పలుపు తెంపుకుంది. అంతే.

ఇక మిగిలింది పేరు. ఉల్కకు పడిన చోటి పేరే పెడతారు. ఒకసారి అచ్చయితే లోకమంతా అదే పేరుతో పిలుస్తుంది.

"మా గుడిమెళ్ళపాడు పేరు పెట్టండి మేడమ్. ఆ పాలెం మా పంచాయితీలోదేగా," అన్నాడు సర్పంచి మాలకొండయ్య.

"అన్నిటికన్నా దగ్గరి ఊరి పేరే పెట్టాలండీ. పడటం చూసినవాళ్ళు చెబితే రికార్డు చేసుకుంటాను," అంటూ సుభాషిణి ఫోను ఆదెమ్మ ముందు పెట్టింది.

అరుగు మీద చుట్ట కాలుస్తున్న చెంచయ్య లేవబోయాడు. "నే జెప్తానుండమ్మా."

"నువ్వు చెప్తే ఎట్టా చెల్లుద్ది బాబాయ్? నీ పేరు నువ్వే పెట్టుకున్నట్టుంటది," నవ్వాడు మాలకొండయ్య. "చూసింది పిన్ని. పిన్నినే చెప్పమను." పిన్ని నోట ఆ పేరు రాదని అతనికి తెలుసు.

పాలెం ఆడవాళ్ళంతా చేరారు. ఈపూట పోతే ఇక తమ ఊరు ఎప్పటికీ ఇంకో ఊరి పక్కదే.

"చెప్పమ్మా, మీ ఊరి పేరు?"

"ఆయన పేరే తల్లీ."

"ఆయన పేరేంటి?"

"ఊరి పేరేనమ్మా."

సూర్యుడి చుట్టూ కోట్ల ఏళ్ళు తిరిగినవాణ్ణి. ఇంత బిగువైన చుట్టు నేనెక్కడా చూడలేదు.

"నేను మా ఆయన్ని పేరు పెట్టే పిలుస్తానండీ. ఏం కాదు," అంది సుభాషిణి.

"నీకేం తల్లీ, చదువుకున్నదానివి. ఈయనకి ఆయుష్షు తగ్గుద్ది."

"ఇంక తగ్గేదానికి ఏం మిగిలిందే? చెప్పు," అన్నాడు చెంచయ్య.

"పొద్దు పోతాంది మేడమ్. గుడిమెళ్ళపాడని రాసేసుకోండి," అన్నాడు మాలకొండయ్య.

ఆదెమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. మొగుడి వైపు చూడకుండా గంప మీద చెయ్యి వేసి, నాతో చెబుతున్నట్టుగా "చెంచయ్య," అంది. ఊపిరి తీసుకుంది. "చెంచయ్యపాలెం."

ఆడవాళ్ళు ముందు నోళ్ళు నొక్కుకున్నారు, తరవాత పగలబడి నవ్వారు. మాలకొండయ్య కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. అప్పుడు చెంచయ్య, "ఏందే, ఇంకోసారి అను," అన్నాడు.

అద్దం కింద చీటీ మీద ఉన్నది ఆ పేరే: చెంచయ్యపాలెం, ఎల్ ఆరు. ఎల్ సంగతీ ఆరు సంగతీ ఎవరికీ పట్టదు. పేరు మాత్రం చదివి, ఈ ఊరెక్కడుందో అనుకుంటూ పోతారు. నా పక్క రాళ్ళదీ ఇదే కథ. ఎవరి ఊరిని వాళ్ళం మోస్తూ పడుకున్నాం.

అలసట మీద ఉన్నాను, అబద్ధంతో నిద్ర పట్టదు. చెంచయ్య "ఇంకోసారి అను" అన్నాడని చెప్పానే, అది నేను అల్లింది. ఆయన ఏమీ అనలేదు. ఆరిపోయిన చుట్ట నోట్లో పెట్టుకుని, రాని పొగ ఊదుతూ, నన్ను ఎక్కించుకున్న జీపు మలుపు తిరిగేదాకా ఆమె వైపే చూస్తూ కూర్చున్నాడు.