కొత్వాలు సముద్రస్నానం

ఉప్పలమ్మది శబరి ఒడ్డున, కోంటకు రెండు కోసుల దూరంలో ఉన్న పల్లె. ఊళ్ళోకి ఎవరొచ్చినా అడ్డం పడి ఆరా తీస్తుందని తన కుక్కకు కొత్వాలు అని పేరు పెట్టింది. ఊరికి కావలి ఉండే అసలు కొత్వాలుకు ఇది మింగుడుపడలేదు. "కొత్వాలూ, పెంటల మూతి పెట్టకు!" అని ఆమె కేకేసినప్పుడల్లా ఆయన ఎక్కడున్నా ఉలిక్కిపడి తలెత్తేవాడు.

ఆ మాఘంలో కుక్కకు గజ్జి పట్టింది. వీపు మీద వెంట్రుక మిగల్లేదు. వేపనూనె, గంధకం, చివరికి మహారాజావారి పశువుల డాక్టరు ఇచ్చిన నల్లటి పూతమందు అన్నీ అయ్యాయి. కోంట అంగడికి ఎండుచేపలు తెచ్చే తీరప్రాంతం మనిషి చూసి, "మూడు మునకలు సముద్రంలో ముంచమ్మా, తోలు అద్దంలా అవుతుంది" అన్నాడు.

ఉప్పలమ్మ మొగుడు రాఘవులు నవ్వాడు. "ఉప్పు నీళ్ళే గద. బిందెల ఇంత ఉప్పేసి పొయ్యరాదూ?"

"ఈ ఇలాకాల ఉప్పు కుక్క మీద పోస్తే ఊరంత కలిసి నన్ను తంతరు" అంది ఉప్పలమ్మ.

అది నిజమే. శేరు ఉప్పు కోసం బుట్టెడు చింతపండు ఇచ్చే చోటు అది. మర్నాడే ఆమె బండి కట్టించింది. తోలడానికి లచ్చు వచ్చాడు. లచ్చు అడవిలోని దోర్ల తెగవాడు, నాలుగు భాషలు వచ్చినవాడు, నాలుగింట్లోనూ అబద్ధం చెప్పలేనివాడు.

శబరి రేవు దగ్గర రాజ్యం సరిహద్దు చౌకీ ఉంది. అక్కడి జవాను బెంచీ మీంచి లేవకుండానే హిందీలో అడిగాడు, ఎక్కడికని.

"సముందర్" అన్నాడు లచ్చు.

"తీరథ్?" తీర్థయాత్రా అన్నట్టు జవాను చేతులు జోడించాడు.

"నహీ సాబ్. ఖుజ్లీ." లచ్చు వీపు గోక్కుని చూపించాడు.

"కిస్‌కో?" ఎవరికని అడిగాడు జవాను.

"కొత్వాల్‌కో."

జవాను లేచి నిలబడ్డాడు. బండిలో వెనక, గడ్డి మీద కంబళి కప్పుకుని ఎవరో మూలుగుతున్నారు. పాపం కొత్వాలుకు ఎంత కష్టం వచ్చింది అనుకుని రెండడుగులు ముందుకేశాడు. అంతలో అంటుకుంటుందేమోనని మూడడుగులు వెనక్కేశాడు. అప్పటికే వరసలో ఉన్న బండ్లన్నీ పక్కకు తోయించి వీళ్ళని ముందు పడవ ఎక్కించాడు. ఉప్పలమ్మ ఆవలి ఒడ్డు చేరేదాకా కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

అడవి బాటలో చోడవరం మీదుగా కాకినాడ చేరేసరికి పద్నాలుగు రోజులు పట్టింది. దారిపొడుగునా జనం అడిగారు, ఏ పుణ్యక్షేత్రానికని. లచ్చు ఉన్నదున్నట్టు చెప్పాడు. కొందరు నవ్వారు, కొందరు దండం పెట్టబోయిన చేతులు దించుకున్నారు.

సముద్రాన్ని చూసి లచ్చు ఎడ్లని ఆపేశాడు. నొగల మీద లేచి నిలబడి చూశాడు.

"అక్కా, ఆవలి ఒడ్డేది?"

"లేదు."

"మరి గీ నీళ్ళని పట్టుకున్నది ఎవరు?"

ఉప్పలమ్మ కొంగు నడుముకు చుట్టి కిందికి దిగింది. కొత్వాలు మాత్రం ఒక్క అల చూసి బండి కిందికి దూరింది. కాళ్ళు పట్టి లాగారు. అది ఇసుకలో గోళ్ళు దించి, పళ్ళు చూపించి, చివరికి లచ్చు మణికట్టు కొరికింది.

ఆ గొడవకి పంతులు ఒకాయన గొడుగేసుకుని వచ్చాడు. "ఏవమ్మా, ఇవాళ నవమి. పర్వదినాల్లో తప్ప సముద్రాన్ని ముట్టుకోకూడదు. తప్పదంటే సంకల్పం చెప్పాలి. ఎవరి పేరున?"

ఉప్పలమ్మ కుక్కని చూపించింది. పంతులు కాసేపు సముద్రం వైపు, కాసేపు దారి ఖర్చులకని బండిలో తెచ్చుకున్న చింతపండు బుట్ట వైపు చూశాడు.

"గోత్రం?"

"దానికి గోత్రమెక్కడిది బాపనయ్యా, గజ్జి ఉంది."

"గోత్రం తెలియకపోతే కాశ్యపగోత్రం చెప్పేయొచ్చులెండి" అని ఆయన చెంబు ఇసుకలో పెట్టి, కళ్ళు మూసుకుని, కాశ్యప గోత్రానికి చెందిన కొత్వాలు అనే పేరుగల వాడి గురించి గడగడా చదివాడు. ఆయన కళ్ళు మూసుకున్నంతసేపట్లో కొత్వాలు బండి కిందినుంచి వచ్చి, చెంబు వాసన చూసి, కాలెత్తింది.

చెంబు ఖరీదు కింద చింతపండు బుట్ట ఆయనకే వదిలేసి వాళ్ళు బండి ఉత్తరానికి తోలారు.

అక్కడినుంచి ఉప్పాడ వైపు దారంతా సముద్రం పక్కనే. సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలో తడి ఇసుక గట్టిగా ఉండి చక్రాలు దిగబడేవి కావు. ఒక పక్క సరుగుడు తోటలు, ఒక పక్క నీళ్ళు. ఆగిన చోటల్లా కుక్కని ముంచబోయారు, ఆగిన చోటల్లా అది పారిపోయింది. ఒక ఊళ్ళో ఎండబెట్టిన చేపల మీద దొర్లి వచ్చింది. ఆ వాసనకి ఎడ్లు కూడా ముఖం తిప్పుకున్నాయి. ఆలస్యమవుతున్నందుకు లచ్చు గొణిగాడు గానీ ఉప్పలమ్మ గొణగలేదు. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆమె భద్రాచలం ఒకసారి, దోర్నపాల్ అంగడికి నాలుగుసార్లు వెళ్ళింది. రోజంతా వంట తలపెట్టకుండా కాళ్ళు వేలాడేసుకుని కూర్చోవచ్చని ఆమెకు ఇప్పుడే తెలిసింది.

మూడోరోజు పొద్దున్నే లచ్చుకు విసుగొచ్చింది. "నేను దిగి చూపిస్త, చూసి నేర్చుకుంటది" అని గోచీతో నీళ్ళలోకి నడిచాడు. మోకాలి లోతులో నిలబడి, వెనక్కి తిరిగి, "రావే కొత్వాలూ, ఏం కాదు" అని పిలుస్తుండగా అల వచ్చి అతన్ని మడతపెట్టింది. లేచేసరికి మనిషి ఉన్నాడు, గోచీ లేదు.

తెల్లటి గుడ్డ నీళ్ళ మీద తేలుతోంది. కొత్వాలుకు ఏమనిపించిందో, ఒక్క దూకు దూకింది. ఒక అల దాని మీంచి పోయింది. రెండోది పోయింది. మూడోదానికి తల బయటపెట్టింది, నోట్లో గోచీ. ఉప్పలమ్మ ఒడ్డున నిలబడి మునకలు లెక్కపెట్టింది.

"తే, ఇటు తే!" అని లచ్చు అరిచాడు. కుక్క అతనికి ఇవ్వలేదు. ఒడ్డుకొచ్చి, గుడ్డ ఎత్తి పట్టుకుని, తెప్పలు లాగుతున్న, చేపలు పట్టే పల్లెకారుల మధ్యనుంచి దౌడు తీసింది. లచ్చు మెడ లోతులో కూర్చుండిపోయాడు.

"అక్కా, పంచె వెయ్యి!"

ఉప్పలమ్మకు నవ్వు ఆగితేగా! పంచె పట్టుకుని నీళ్ళలోకి దిగింది. సగం దారిలో అల ఆమెనూ పడేసింది. చేపల బుట్టలు దించి ఇద్దరు ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి చెరో చెయ్యి పట్టుకున్నారు. "గట్టిగా పట్టుకో అప్పా, ఇంకోటి వత్తంది!" అన్నారు. ఇంకోటి వచ్చింది. ముగ్గురూ కలిసి పడ్డారు. ఇంట్లో అందరికీ పనులు పురమాయించే మనిషి ఆమె. ఆమెను తోసినవాళ్ళు ఇంతవరకూ లేరు. ముక్కులోంచి నీళ్ళు కారుతుంటే, నవ్వుతూనే కాస్త ఏడ్చింది కూడా. ఎందుకో ఆమెకు తెలియలేదు, ఎవరూ అడగలేదు.

లచ్చుకు పంచె చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది.

వాళ్ళు ఆ పల్లెలో ఇంకో ఆరు రోజులున్నారు. కొత్వాలు ఇప్పుడు పిలవకుండానే నీళ్ళలోకి పోతోంది. ఇంటికొచ్చేసరికి పుండ్లు ఎండి, వీపు మీద కొత్త నూగు మొలిచింది. రాఘవులు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ముందు తను రాసిన వేపనూనె ఇప్పుడు పనిచేసిందన్నాడు.

మరుసటి ఏడు కోతలైపోయాక ఒకరోజు పొద్దున రాఘవులు లేచేసరికి వాకిట్లో బండి కట్టి ఉంది. లచ్చు రెండు గోచీలు కట్టుకుని ముందు కూర్చున్నాడు. కుక్క గడ్డిలో పడుకుంది.

"మళ్ళీ ఏమైంది దానికి?" అన్నాడు రాఘవులు.

"ఏం కాలే. మంచిగనే ఉంది."

"మరి ఏంది ఈ బండి?"

"నువ్వు ఎక్కుతవా, లేదా?" అంది ఉప్పలమ్మ.

రాఘవులు ఎడ్ల వైపు చూశాడు, పొలం వైపు చూశాడు, భుజం మీది తువ్వాలు దులిపాడు. తరవాత కుక్కని కాస్త జరగమని ఎక్కి కూర్చున్నాడు.